పదో తరగతి తర్వాత వెల్డింగు, లేత్ పని: మన పిల్లలకు ఐ.టి.ఐ. ఎందుకు?



ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజుల్లోనే మా కార్యాలయం గుమ్మం ముందు చెప్పుల జతలు పెరుగుతాయి. వచ్చేవారిలో ఎక్కువ మంది తండ్రులు, కొందరు తల్లులు. అందరి మాటా ఇంచుమించు ఒకటే. "సాబ్, మా పిల్లోడు ఇంక చదవనంటా ఉండాడు. మా బావమరిదికి వెల్డింగు షాపు ఉంది, ఆడ పెడితే పని నేర్చుకుంటాడు కదా?" ఈ ప్రశ్నకు నోటిమాటగా ఏళ్ల తరబడి జవాబు చెబుతూనే ఉన్నాము. ఈసారి సంచికలో వివరంగా రాసి పెడితే నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాము.

షాపులో పని నేర్చుకోవడం తప్పని మేము అనము. కదిరిలో మనవాళ్ల చేతుల్లో ఉన్న షెడ్లు చాలావరకు అట్లా ఉస్తాదు దగ్గర నేర్చుకున్నవారు పెట్టినవే. అయితే ఉస్తాదు దగ్గర దొరికేదేమిటి, కాలేజీలో దొరికేదేమిటి అన్నది తెలుసుకుని నిర్ణయం తీసుకోవాలి. ఈ తేడా తెలియక మేమే ఒకసారి పొరపాటు చేశాము. ముందుగా దాని సంగతి చెబుతాము.

మేము చేసిన పొరపాటు

కొన్నేళ్ల కిందట ఒక యువకుడికి మా సంస్థ తరఫున వెల్డింగు సెట్టు, గ్రైండరు, డ్రిల్లింగ్ మిషను కొనిచ్చాము. తండ్రి లేడు, ముగ్గురు చెల్లెళ్లు ఉన్నారు. నాలుగేళ్లు షాపులో హెల్పరుగా పనిచేశాడు కనుక పని వచ్చినట్టే అనుకున్నాము. మొదటి ఆరు నెలలు గేట్లు, కిటికీ గ్రిల్సు, రేకుల షెడ్లు చక్కగా చేశాడు. తర్వాత ఒక రైతు ట్రాక్టరు ట్రాలీ కొక్కీ విరిగితే దాన్ని అతికించాడు. పైకి చూస్తే అతుకు నున్నగా, అందంగా ఉంది. వారం తిరక్కుండానే ఆ ట్రాలీ తనకల్లు వైపు నుంచి వేరుశనగ బస్తాలతో కదిరికి వస్తుంటే కొక్కీ ఊడి, ట్రాలీ రోడ్డు పక్కకు ఒరిగిపోయింది. అల్లాహ్ దయవల్ల బస్తాల మీద ఆరోజు కూలీలు ఎవరూ లేరు.

ఆ అబ్బాయి మా దగ్గరికి వచ్చి కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "పైన బాగానే వచ్చింది సాబ్, లోపల పట్టలేదు. ఎందుకు పట్టలేదో నాకు తెలీదు" అన్నాడు. ఆ సంఘటన తర్వాత అతని దగ్గరికి పని రాలేదు. మేమిచ్చిన మిషను అమ్ముడుపోయింది. అతను బెంగళూరు వెళ్లి మళ్లీ హెల్పరుగానే చేరాడు.

తప్పు ఆ అబ్బాయి ఒక్కడిదే కాదు. చేతికి పనిముట్టు ఇచ్చినవారం మేము. "ఎందుకు" అన్నది నేర్పకుండా ఇచ్చాము. ఐ.టి.ఐ. లో ప్రధానంగా నేర్పేది ఆ "ఎందుకు" అన్నదే.

వెల్డింగులో నేర్చుకునేది ఏమిటి?

ఇనుము కరగాలంటే సుమారు 1500 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. వెల్డింగు రాడ్డు కొనకూ ఇనుముకూ మధ్య పుట్టే కరెంటు మంట వేడి దానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ మంటలో రాడ్డు కరిగి జారుతుంది. అతకాల్సిన రెండు ముక్కల అంచులు కూడా దానితోపాటు కరిగి, మూడూ ఒకటిగా గడ్డకడితేనే అది అతుకు. రాడ్డు మాత్రమే కరిగి, కింది ఇనుము కరగకపోతే అది మైనం పూసినట్టే. ట్రాలీ కొక్కీకి జరిగింది అదే. మందపు ఇనుముకు అంచులు ఏటవాలుగా కోసి, మధ్యలో కొద్దిగా సందు వదిలి, తగినంత ఆంపియర్లు పెట్టి, మొదటి వరుస అడుగుదాకా పట్టేటట్టు వేయాలి. పైన పడ్డ స్లాగ్ అనే చిట్టెం శుభ్రంగా కొట్టేసిన తర్వాతే రెండో వరుస వేయాలి. గేటు పనికి ఇవేవీ అక్కరలేదు కనుక గేట్లు చేసే షాపులో ఇవి నేర్చుకునే అవకాశం తక్కువ.

రాడ్డు మీద ఉండే అంకెలకు కూడా అర్థం ఉంది. మనవాళ్లు ఎక్కువగా వాడేది 6013. మొదటి రెండు అంకెలు అతుకు బలాన్ని చెబుతాయి. 60 అంటే చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. మూడో అంకె 1 అయితే కింద పెట్టి, నిలువుగా, తలపైన, ఎట్లాగైనా వాడవచ్చని గుర్తు. 7018 రాడ్డు అంతకన్నా బలమైన అతుకునిస్తుంది. కానీ దానికి తేమ పనికిరాదు. తేమలోని హైడ్రోజన్ అతుకులో చేరితే ఇనుము చల్లారాక లోపల పగుళ్లు వస్తాయి. అందుకే దాన్ని ప్రత్యేకమైన ఓవెన్‌లో వేడిచేసి వాడతారు. 3.15 మిల్లీమీటర్ల 6013 రాడ్డుకు సుమారు 100 నుంచి 130 ఆంపియర్లు సరిపోతాయి. తక్కువ పెడితే అతుకు పట్టదు, ఎక్కువ పెడితే అంచులు తినేస్తుంది. ఇవన్నీ తరగతిలో ఒకపూట చెప్పి, మరుసటి పూట చేతితో చేయిస్తారు.

ఇక వెల్డరు స్థాయిని కొలిచే పద్ధతి ఒకటుంది. బల్లమీద పెట్టి వేసేది 1జి, అడ్డంగా వేసేది 2జి, నిలువుగా వేసేది 3జి, తలపైన వేసేది 4జి. కదలని పైపు చుట్టూ వేసేది 5జి. 45 డిగ్రీల వాలులో బిగించిన పైపును తిప్పకుండా చుట్టూ వేసేది 6జి. ఆ ఒక్క పైపులోనే అన్ని రకాల భంగిమలూ వచ్చేస్తాయి. నూనె శుద్ధి కర్మాగారాలలో, విద్యుత్ కేంద్రాలలో, గల్ఫ్ దేశాల పైపులైను పనులలో అడిగేది ఇది. పరీక్షలో వేసిన అతుకును ఎక్స్‌రే తీసి లోపలకు చూస్తారు. పైపై నునుపుతో అక్కడ పని జరగదు.

మామూలు రాడ్డు వెల్డింగుతో పాటు గ్యాస్ వెల్డింగు, కార్బన్ డయాక్సైడ్ వాడే మిగ్ వెల్డింగు, స్టెయిన్‌లెస్ స్టీలుకు, అల్యూమినియానికి వాడే టిగ్ వెల్డింగు కూడా ఈ కోర్సులో ఉంటాయి. మన దేశంలో ఈ విద్యకు పెద్ద కేంద్రం తిరుచిరాపల్లిలో భెల్ సంస్థ ఆధ్వర్యంలో 1975లో మొదలైన వెల్డింగు పరిశోధన సంస్థ. ఐ.టి.ఐ. పూర్తిచేసి అనుభవం సంపాదించిన వెల్డర్లకు అక్కడ పైస్థాయి శిక్షణ దొరుకుతుంది.

లేత్ మీద నేర్చుకునేది ఏమిటి?

వెల్డింగు అతికే పని అయితే, మెషినింగ్ అనేది కొలతకు కోసే పని. ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు ట్రేడ్లన్నీ ఈ కుటుంబానివే. మన ప్రాంతంలో దీని అవసరం బోరు దగ్గరే కనిపిస్తుంది. అనంతపురం సీమలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అందుకే వ్యవసాయమంతా బోరు మోటారు మీద ఆధారపడింది. మోటారు షాఫ్టు అరిగినా, బుష్ పోయినా, రైతు ఆ ముక్క పట్టుకుని లేత్ షాపుకు పరుగెత్తుతాడు. వేరుశనగ కాయలు కొట్టే మిషను, పంట పీకే పరికరం, ట్రాక్టరు పిన్ను, వీటన్నిటికీ లేత్ పని కావాలి.

ఫిట్టర్ కోర్సులో చేరిన పిల్లవాడు మొదట చేసేది చూస్తే తల్లిదండ్రులకు నిరాశ కలుగుతుంది. వారాల తరబడి ఒక ఇనుప ముక్కను వైస్‌లో బిగించి ఆకురాయితో రాస్తూనే ఉంటాడు. "ఇదేం చదువు" అని ఒక తండ్రి మాతో అన్నాడు కూడా. కానీ ఆ ముక్క ఆరు ముఖాలూ సమతలంగా, మూలలన్నీ సరిగ్గా 90 డిగ్రీలుగా రావాలంటే చెయ్యి, కన్ను, ఓర్పు మూడూ కుదరాలి. ఆ కుదురు వచ్చాకే మిషను దగ్గరికి పంపుతారు.

తర్వాత కొలత. టేపుతో కొలిస్తే మిల్లీమీటరు దాకా తెలుస్తుంది. వెర్నియర్ క్యాలిపర్‌తో 0.02 మిల్లీమీటరు దాకా, మైక్రోమీటరుతో 0.01 మిల్లీమీటరు దాకా తెలుస్తుంది. మన తల వెంట్రుక మందమే సుమారు 0.07 మిల్లీమీటరు. 25 మిల్లీమీటర్ల రంధ్రంలో షాఫ్టు తిరగాలంటే, డ్రాయింగులో హెచ్7 అని ఉంటే రంధ్రం 25.000 నుంచి 25.021 లోపల ఉండాలి. షాఫ్టుకు జి6 అని ఉంటే అది 24.980 నుంచి 24.993 లోపల ఉండాలి. అప్పుడే రెండింటి మధ్య నూనె నిలిచేంత సందు మిగులుతుంది. సందు తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే కొట్టుకుంటుంది. "సుమారుగా సరిపోయింది" అన్న మాట ఈ పనిలో చెల్లదు.

లెక్కలు రాని పిల్లవాడికి కూడా ఇక్కడ లెక్కలు వస్తాయి. మెత్తని ఇనుమును మామూలు హైస్పీడ్ స్టీలు టూలుతో కోయడానికి నిమిషానికి సుమారు 30 మీటర్ల వేగం పెడతారు. కడ్డీ వ్యాసం 25 మిల్లీమీటర్లయితే చుట్టుకొలత 3.14 రెట్లు, అంటే 78.5 మిల్లీమీటర్లు. 30 వేల మిల్లీమీటర్లను 78.5తో భాగిస్తే 382. అంటే లేత్ నిమిషానికి 380 చుట్ల దగ్గర తిరగాలి. కడ్డీ 50 మిల్లీమీటర్లయితే అందులో సగం చుట్లు చాలు. బడిలో వృత్తం పరిధి సూత్రం ఎందుకని విసుక్కున్న పిల్లవాడే, టూలు కొన మాడిపోయిన రోజున ఆ సూత్రం కోసం వెతుక్కుంటాడు.

ఇప్పుడు పెద్ద కర్మాగారాలలో చేతితో తిప్పే లేత్‌ల కన్నా సి.ఎన్.సి. మిషన్లు ఎక్కువ. అందులో ఆదేశాలు కోడ్ రూపంలో ఇస్తారు. జి00 అంటే టూలు వేగంగా జరగడం, జి01 అంటే తిన్నగా కోస్తూ పోవడం, జి02, జి03 అంటే వంపుగా కోయడం, ఎం03 అంటే కుదురును తిప్పడం. మామూలు లేత్ మీద చెయ్యి తిరిగినవాడికి ఈ కోడ్ కొన్ని వారాల పని. చెయ్యి తిరగనివాడికి కోడ్ వచ్చినా, మిషను శబ్దం మారినప్పుడు ఏం జరుగుతోందో తెలియదు.

కోర్సు, అర్హత, సర్టిఫికెట్టు

ఐ.టి.ఐ. లకు ఆధారమైన క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం మన దేశంలో 1950లో మొదలైంది. వెల్డర్ ట్రేడుకు 8వ తరగతి పాసై ఉంటే చాలు, కోర్సు ఏడాది. ఫిట్టర్, టర్నర్, మెషినిస్టు ట్రేడ్లకు సైన్సు, లెక్కలతో పదో తరగతి పాసై ఉండాలి, కోర్సు రెండేళ్లు. కనీస వయస్సు 14 ఏళ్లు. ఎక్కువ గంటలు వర్క్‌షాపులోనే గడుస్తాయి. చివర్లో అఖిల భారత ట్రేడ్ టెస్టు ఉంటుంది. పాసైనవారికి జాతీయ ట్రేడ్ సర్టిఫికెట్టు వస్తుంది. అది దేశమంతటా చెల్లుతుంది. ప్రవేశాలు పదో తరగతి ఫలితాల తర్వాత రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ ద్వారా విడతలుగా జరుగుతాయి. మొదటి విడతలోనే దరఖాస్తు చేస్తే కోరిన ట్రేడు దొరికే అవకాశం ఎక్కువ.

ఆ తర్వాత ఆగిపోనక్కరలేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద కర్మాగారంలో స్టయిపెండు తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. బ్రిడ్జి కోర్సు ద్వారా డిప్లొమా రెండో ఏడాదిలో చేరే మార్గం ఉంది. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వారి పాలిటెక్నిక్ కడపలోనే ఉంది. వారి ఐ.టి.ఐ. హైదరాబాదులో, బెంగళూరులో ఉన్నాయి. హైదరాబాదు బాలానగర్‌లో 1968లో స్థాపించిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థలో టూల్ రూమ్ పనికి సంబంధించిన పెద్ద కోర్సులు ఉన్నాయి.

ఇప్పటికే షాపుల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న అన్నదమ్ములు "మా వయసు దాటిపోయింది" అనుకోవద్దు. పని అనుభవం ఉండి, నిబంధనలకు సరిపడేవారు ప్రైవేటు అభ్యర్థులుగా ట్రేడ్ టెస్టు రాయవచ్చు. నేర్చుకున్న పనిని పరీక్షించి గుర్తింపు ఇచ్చే ప్రభుత్వ పథకాలు కూడా ఉన్నాయి. ముందు చెప్పిన ఆ యువకుడికి ఈ దారి చూపించాము. ఇప్పుడు సెలవు రోజుల్లో పుస్తకాలు ముందేసుకుంటున్నాడు. ఆ పుస్తకాలైనా కొనిచ్చాము, అదే మాకు ఊరట.

కళ్లు, ఊపిరి, చేతులు

ఈ పనిలో ప్రమాదం ఉంది. దాన్ని దాచి పిల్లలను పంపడం ధర్మం కాదు. నల్ల అద్దం లేకుండా వెల్డింగు మంటను చూస్తే అప్పటికి ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత, అర్ధరాత్రి, కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. అతినీలలోహిత కిరణాలు కంటి పైపొరను కాల్చడం వల్ల వచ్చే బాధ అది. ఇంట్లో ఆలుగడ్డ ముక్కలు, పాలు వేస్తూ కూర్చోకుండా కంటి డాక్టరుకు చూపించాలి. మామూలు రాడ్డు వెల్డింగుకు 10 నుంచి 12 నంబరు అద్దం వాడాలి. చలువ కళ్లద్దాలు ఎంత నల్లగా ఉన్నా దానికి పనికిరావు. పక్కన నిలబడి చూసే చిన్నపిల్లలకూ ఇదే ప్రమాదం.

జింకు పూత ఉన్న పైపులు వెల్డింగు చేసేటప్పుడు వచ్చే తెల్లటి పొగ పీల్చితే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. గాలి ఆడేచోట చేయాలి, పూతను ముందుగా తీసేయాలి. ఖాళీ పెట్రోలు, డీజిలు డ్రమ్ములను అట్లాగే వెల్డింగు చేయకూడదు. లోపల మిగిలిన ఆవిరి బాంబులాగా పేలుతుంది. గ్యాస్ పనిలో ఆక్సిజన్ సిలిండరు నలుపు, ఎసిటిలీన్ సిలిండరు ముదురు ఎరుపు. ఒకదాని నట్టు మరొకదానికి పట్టకుండా ఎసిటిలీన్ మరలు ఎడమవైపు తిరుగుతాయి. ఆక్సిజన్ వాల్వుకు నూనె, గ్రీజు పూయకూడదు, పూస్తే మంటలు లేస్తాయి. లేత్ దగ్గర వదులు చొక్కా, చేతికి గ్లౌజు, మెడలో తువ్వాలు ఉండకూడదు. తిరిగే చక్ వాటిని పట్టిందంటే మనిషిని వదలదు. చక్ తాళం తీయకుండా మిషను వేయకూడదన్నది మొదటి రోజు పాఠం.

షాపుల్లో ఇవి చెప్పరని కాదు. దెబ్బ తగిలిన తర్వాత చెబుతారు. కాలేజీలో దెబ్బ తగలకముందే చెబుతారు.

పని ఎక్కడ?

పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ కారు బాడీలను అతికేది రోబోలే కదా, మన వెల్డర్లకు పనేమిటని కొందరు అడుగుతారు. ఆ రోబోలను సరిచేసేవారు, డైలు బాగుచేసేవారు, కొలతలు తనిఖీ చేసేవారు, విడిభాగాలు చేసే యూనిట్లలో సి.ఎన్.సి. నడిపేవారు, వీరంతా ఈ ట్రేడ్ల నుంచి వచ్చేవారే. బెంగళూరు మనకు దగ్గర. 1953లో అక్కడ హెచ్.ఎం.టి. మొదలైన నాటి నుంచి మిషను పనికి ఆ నగరం పుట్టినిల్లు. చిన్న చిన్న మెషిన్ షాపులు వందల సంఖ్యలో ఉన్నాయి.

గల్ఫ్‌కు వెళ్లేవారికి ఒక మాట. సర్టిఫికెట్టు, ట్రేడ్ టెస్టు అనుభవం ఉన్న వెల్డరుకూ, హెల్పరు వీసా మీద వెళ్లి అక్కడ వెల్డింగు చేసేవాడికీ పని ఒకటే, జీతం ఒకటి కాదు. పదో తరగతి పాసై ఉంటే వలస తనిఖీ అవసరం లేని పాస్‌పోర్టు వస్తుంది. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో చూసుకోవాలి. వీసా మీద రాసిన పని, చేతిలోని సర్టిఫికెట్టు ఒకటేనా అని చూసుకోవాలి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ద్వారా వెళ్లే మార్గం ఉందేమో ముందుగా విచారించాలి. ఇల్లు కుదువపెట్టి ఏజెంటు చేతిలో డబ్బు పోయడానికి ముందు ఒక్కసారి మా దగ్గరికి వచ్చి కాగితాలు చూపించండి.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. ఈ ట్రేడ్లలో చేరడానికి వారికి ఏ అడ్డూ లేదు. సి.ఎన్.సి. ఆపరేటింగ్, కొలతల తనిఖీ, డ్రాయింగు పనులకు కావలసింది కండబలం కాదు, శ్రద్ధ. ఆ శ్రద్ధ మన ఇళ్లలో జరీ పని, మిషను కుట్టు చేసే ఆడపిల్లలకు కొత్త కాదు.

చివరిగా

ఇనుప పని చిన్న పని అనే భావన మన ఇళ్లలో ఇంకా ఉంది. దావూద్ ప్రవక్త అలైహిస్సలాం చేతిలో అల్లాహ్ ఇనుమును మెత్తబరిచాడని, ఆయన కవచాలు చేసేవారని, వాటి కడియాలను కొలత ప్రకారం చేయాలని ఆదేశం వచ్చిందని ఖుర్ఆన్ ద్వారా మనకు తెలుసు. రాజై ఉండి కూడా ఆయన తన చేతి కష్టార్జితమే తినేవారని హదీసులో ఉంది. ఇనుము, కొలత, హలాల్ సంపాదన, ఈ మూడూ ఒకచోట చేరిన పని ఇది.

ఇకమీదట మా సంస్థ ముందుగా మిషను కొనివ్వదు. మొదట దరఖాస్తు నింపి పిల్లవాడిని కోర్సులో చేర్పిస్తాము. బస్సు ఛార్జీ, బూట్లు, యూనిఫారం, పుస్తకాల విషయంలో చేతనైనంత సాయం చేస్తాము. సర్టిఫికెట్టు చేతికి వచ్చి, ఒక ఏడాది అప్రెంటిస్ అయిన తర్వాత షెడ్డు పెట్టుకుంటానంటే అప్పుడు పనిముట్ల సంగతి మాట్లాడదాము. జకాత్ సొమ్ము ఇందుకు ఎంతవరకు వాడవచ్చో ఉలమాను అడిగి వారి మాట ప్రకారమే నడుచుకుంటాము. దాతలు ఈ మార్పును అర్థం చేసుకోవాలని మనవి. మిషను పంచే సభలో ఫోటో బాగా వస్తుంది. రెండేళ్ల బస్సు పాసుకు ఫోటో రాదు. అయినా మాకు ఇప్పుడు కావలసింది ఆ బస్సు పాసే.

తల్లిదండ్రులారా, మీ పిల్లవాడు ఇంక చదవనంటే కొట్టవద్దు, వెంటనే షాపులోనూ పెట్టవద్దు. పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, కుల ధ్రువపత్రం ఉంటే అది, పాస్‌పోర్టు సైజు ఫోటోలు తీసుకుని వాడితో కలిసి రండి. వాడి ఇష్టం వాడి నోటితోనే విందాము. అల్లాహ్ మన పిల్లల చేతులకు నైపుణ్యాన్ని, వారి సంపాదనలో బర్కత్‌ను ప్రసాదించుగాక. ఆమీన్.